1933 బ్యాచ్ ఇయర్‌బుక్: జెలటిన్ పళ్ళెం మీద అచ్చు పని డైరీ

జనవరి మధ్యలో

షికాగో దగ్గర మేముండే ఊరి లైబ్రరీలో మే నెలలో ఒక చిన్న ప్రదర్శన పెడుతున్నారు. మహామాంద్యం (1930ల నాటి పెద్ద ఆర్థిక సంక్షోభం) రోజుల్లో హైస్కూలు పిల్లలు ఎలా చదువుకున్నారు, చివరి ఏడాదిని ఎలా జరుపుకున్నారు అన్నది విషయం. వాలంటీర్‌గా నా వంతుకి వచ్చిన పని ఇది: ఇయర్‌బుక్‌ని, అంటే చదువు ముగించే బ్యాచ్ వేసుకునే జ్ఞాపకాల పుస్తకాన్ని, ప్రెస్సుకి పంపే స్తోమత లేని ఒక బ్యాచ్ తమ పుస్తకాన్ని చేత్తో ఎలా చేసుకునేదో, అలాగే ఒకటి చేసి చూపించడం. ఇది ఏ ఒక్క స్కూలు పుస్తకానికీ నకలు కాదు. పేర్లన్నీ కల్పితం, ఇది నమూనా అని అట్ట మీదే రాస్తాం. కాగితం, రంగు, అచ్చు పద్ధతి, లోపలి శీర్షికలు మాత్రం ఆ కాలానివే ఉండాలి.

ఏడాది ఎంచుకోవడానికి పెద్దగా చర్చ జరగలేదు. 1933కి మించిన గడ్డు ఏడాది ఆ తరానికి లేదు. అప్పుడు దేశంలో పనిచేసేవాళ్ళలో నలుగురికి ఒకరు నిరుద్యోగి. మార్చి 4న రూజ్‌వెల్ట్ అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణ స్వీకారం చేశాడు, 6న దేశమంతా బ్యాంకులు మూయించాడు. వాటిలో కొన్ని మళ్ళీ తెరుచుకోలేదు. క్లాస్ ఫండ్ డబ్బు బ్యాంకులో దాచుకున్న సీనియర్లకు అది నేరుగా తగిలిన దెబ్బ.

షికాగో నగరంలో ఇంకా ఘోరం. సుమారు 14 వేల మంది టీచర్లకు నెలల తరబడి జీతం నగదుగా అందలేదు. పన్నులు వసూలయ్యాక చెల్లిస్తామన్న హామీ కాగితాలు చేతిలో పెట్టేవాళ్ళు. కిరాణా కొట్లో వాటికి పూర్తి విలువ ఇచ్చేవాళ్ళు కాదు. ఏప్రిల్‌లో వేల మంది టీచర్లు డౌన్‌టౌన్ బ్యాంకుల మీదికి ఊరేగింపుగా వెళ్ళారు. వాళ్ళ కోసం పిల్లలు క్లాసులు వదిలి వీధిలోకి వచ్చారు. మే 27న అదే నగరంలో, శతాబ్దపు ప్రగతి అనే పేరుతో వరల్డ్ ఫెయిర్ మొదలైంది. జులైలో స్కూలు బోర్డు జూనియర్ హైస్కూళ్ళను రద్దు చేసింది, ఫీజు లేకుండా చదువు చెప్పే క్రేన్ జూనియర్ కాలేజీని మూసేసింది. మా పుస్తకంలోని పిల్లలు ఈ రెండు సంఘటనల మధ్య జూన్‌లో బయటికొస్తున్నారు. ఆ సంగతి ప్రతి పేజీ రాసేటప్పుడూ గుర్తుంచుకోవాలని నోట్స్ మొదట్లో పెద్దక్షరాలతో రాసుకున్నాను.

జనవరి చివర

ముందు అచ్చు పద్ధతి తేల్చుకోవాలి. తక్కువ ఖర్చులో కాపీలు తీయడానికి అప్పటి స్కూళ్ళలో ముఖ్యంగా రెండు దారులు ఉండేవి. ఒకటి మిమియోగ్రాఫ్. ఎడిసన్ పేటెంట్ల ఆధారంగా షికాగోకి చెందిన ఏ.బి.డిక్ కంపెనీ 1887 నుంచి అమ్ముతూ వచ్చిన యంత్రం. మనవైపు పరీక్ష పేపర్లు, సంఘాల కరపత్రాలు తీసిన సైక్లోస్టైల్ ఈ జాతిదే. రెండోది హెక్టోగ్రాఫ్. దీనికి యంత్రమే అక్కర్లేదు. లోతు తక్కువ పళ్ళెం, అందులో గడ్డకట్టిన జెలటిన్, గ్లిజరిన్ చాలు. మిమియోగ్రాఫ్‌కి స్టెన్సిళ్ళు, సిరా కొంటూ ఉండాలి గానీ వందల కాపీలు వస్తాయి. హెక్టోగ్రాఫ్ మీద నలభై, యాభై దాటితే అక్షరం కనిపించదు. చిన్న ఊళ్ళో ముప్పై మంది సీనియర్లకు అది సరిపోతుంది. మేం దాన్నే తీసుకున్నాం, ప్రదర్శనకు వచ్చినవాళ్ళు స్వయంగా చేసి చూడగలిగేది కూడా అదే.

మా ఇంట్లో శాకాహారం. జెలటిన్ పశువుల ఎముకల నుంచీ తోళ్ళ నుంచీ తీసేది కాబట్టి వంటింట్లోకి రానివ్వలేదు. గరాజ్‌లో కరెంటు స్టవ్ పెట్టి, దానికని వేరే గిన్నె కొన్నాను. పాళ్ళు తూకంలో: జెలటిన్ పొడి ఒక వంతు, నీళ్ళు నాలుగు వంతులు, మందుల షాపులో దొరికే గ్లిజరిన్ ఆరు వంతులు. పొడిని చల్లటి నీళ్ళలో నానబెట్టి, గ్లిజరిన్‌ని విడిగా వేడి చేసి అందులో కలపాలి. గిన్నెను మరిగే నీళ్ళ మీద ఉంచి నెమ్మదిగా కరిగించాలి, పొంగు రానివ్వకూడదు. గబగబా కలిపితే గాలి బుడగలు చేరతాయి. ఒక్కో బుడగా అచ్చులో ఒక తెల్లమచ్చ అవుతుంది. పళ్ళెంలో పోసిన వెంటనే, పైన తేలిన బుడగలను కార్డు అంచుతో ఒక పక్కకు లాగేస్తే ఉపరితలం అద్దంలా వస్తుంది. రాత్రంతా కదపకుండా వదిలేయాలి.

రంగు ఎక్కడ దొరుకుతుందా అని కొంచెం టెన్షన్ పడ్డాను. అప్పటివాళ్ళు వాడిన ఊదా రంగు అనిలిన్ సిరాలు ఇప్పుడు స్కూలు సామాన్ల షాపుల్లో లేవు. కానీ పచ్చబొట్లు వేసేవాళ్ళు చర్మం మీద గీత దింపుకోవడానికి వాడే ఊదా కార్బన్ కాగితం అదే కుటుంబం. అది పై కాగితంతో కలిపి సెట్‌గా వస్తుంది. అందులో కార్బన్ ముఖం పైకి ఉంటుంది, గీత పై కాగితం వెనకవైపు తిరగబడి పడుతుంది. హెక్టోగ్రాఫ్‌కి అది పనికిరాదు. కార్బన్‌ని తిరగేసి ముఖం కిందికి పెట్టాలి, అప్పుడు కింది కాగితం మీద అక్షరం మామూలుగా పడుతుంది. ఆ కాగితాన్ని బోర్లించి జెలటిన్ మీద అద్దితే అక్షరం అక్కడ తిరగబడుతుంది, దాని మీద తెల్ల కాగితం వేసి తీస్తే మళ్ళీ సరిగ్గా వస్తుంది. ఇక్కడ తికమక పడతారు కాబట్టి ప్రదర్శనలో దీనికొక బొమ్మ గీసి పెట్టాలి.

ఫిబ్రవరి మొదట్లో

మొదటి కాపీ వచ్చింది. తడి స్పాంజితో జెలటిన్‌ని తుడిచి, చెమ్మ అద్దేసి, అసలు కాగితాన్ని బోర్లించి రెండు మూడు నిమిషాలు ఉంచాను. అరచేత్తో మధ్య నుంచి అంచులకు రుద్దాలి. తీశాక పళ్ళెంలో ఊదా అక్షరాలు తిరగబడి కనిపించాయి. తెల్ల కాగితం వేసి, రుద్ది, ఒక మూల పట్టుకుని పైకి లాగితే పేజీ చేతిలోకి వచ్చేసింది. పక్కనున్న మా అమ్మాయి "అమ్మా, నేను తీస్తా, నేను తీస్తా" అని పళ్ళెం లాక్కుంది. వేళ్ళకంటిన ఊదా రంగు సబ్బుకి లొంగదు. చేతి తొడుగులు తప్పనిసరి. ఆ రంగు మింగినా, కంట్లో పడినా మంచిది కాదు.

ముప్పై కాపీలు దాటేసరికి రంగు పలచబడుతుంది. అదే పళ్ళేన్ని మళ్ళీ వాడాలంటే ఒక రోజు ఆగాలి, మిగిలిన రంగు జెలటిన్ అడుక్కి దిగిపోతుంది. అంటే ఒక పళ్ళెంతో రోజుకు ఒక పేజీ. పాతిక పేజీల పుస్తకం ఎంత ఓపికతో చేసేవాళ్ళో ఇక్కడ అర్థమైంది. టైపు చేసేవాళ్ళు, గీసేవాళ్ళు, అద్దేవాళ్ళు, ఆరబెట్టేవాళ్ళు, కుట్టేవాళ్ళు అందరూ కావాలి. అచ్చాఫీసుకు పంపే పుస్తకం నలుగురు సంపాదకులతో తయారైపోతుంది. ఇలాంటిది క్లాసంతా చేతులు వేస్తేనే అవుతుంది.

ఫిబ్రవరి చివర

ఈ నెలంతా లోపల ఏం రాయాలన్న పని మీదే గడిచింది. అప్పటి ఇయర్‌బుక్‌లు ఎన్ని తిరగేసినా వరస దాదాపు ఒకటే. క్లాస్ నినాదం, క్లాస్ రంగులు, క్లాస్ పువ్వు. క్లాస్ చరిత్ర. క్లాస్ వీలునామా. క్లాస్ జోస్యం. డబ్బు లేని ఏళ్ళలో చాలా స్కూళ్ళు పుస్తకం మానేసి స్కూలు పత్రికలోనే సీనియర్ల సంచిక వేశాయి. అందులో కూడా చరిత్ర, వీలునామా, జోస్యం ఉండేవి. బ్యాచ్ గుర్తుగా చేయించుకునే ఉంగరం మానుకుని చిన్న పిన్నుతో సరిపెట్టుకున్నారు, హోటల్లో డాన్స్‌ని స్కూలు జిమ్‌లోకి మార్చారు. వీలునామాని మాత్రం ఎవరూ వదల్లేదు. దానికి పైసా ఖర్చు లేదు కదా.

వీలునామా రాయడం భలే సరదా పని. "స్థిరచిత్తంతో ఉన్న మేము, 1933 సీనియర్ క్లాసు, ఇందుమూలంగా..." అని లాయర్ భాషలో మొదలుపెట్టి, కిటికీ పక్క సీటును, లైబ్రరీలో గుసగుసలాడే హక్కును, బెంచీల కింద అంటించిన చూయింగ్ గమ్‌ను జూనియర్లకు రాసిచ్చేస్తారు. తర్వాత ఒక్కొక్కరూ తమ ప్రత్యేకతను ఒక్కొక్కరికి ఇస్తారు: పొడుగ్గా ఉన్నవాడు తన ఎత్తులో రెండు అంగుళాలు, బుగ్గ సొట్టల అమ్మాయి ఆ సొట్టలు. చేతిలో ఏమీ లేని పిల్లలు ఆస్తులు పంచుతున్నట్టు రాసుకున్నారు. ఈ పేజీ మా అమ్మాయికి అప్పజెప్పాను. వాళ్ళ స్నేహితురాళ్ళతో కూర్చుని ఇంగ్లీషులో రాసింది, చక్కగా కుదిరింది.

నినాదానికి అప్పట్లో బాగా వాడుకలో ఉన్నవాటిలో ఒకటి తీసుకున్నాం: కొట్టుకుపోవడం కాదు, తెడ్డు వేస్తున్నాం అని దాని అర్థం.

చరిత్ర పేజీ దగ్గర ఆగిపోయాం. నాలుగేళ్ళ కిందట తొమ్మిదో తరగతిలో ఇంతమందిమి చేరాం అని అది మొదలవుతుంది. చివర్లో మిగిలిందెందరు? 1930లో అమెరికాలో పదిహేడేళ్ళవాళ్ళలో హైస్కూలు పూర్తిచేసినవాళ్ళు 29 శాతమే. 1940కి అది సగానికి చేరింది. ఇంత కష్టకాలంలో చదువుకునేవాళ్ళు పెరగడం మొదట వింతగా అనిపిస్తుంది. కారణం సులువే: బయట పనులు లేవు. 1933లో పరిశ్రమల కోసం ప్రభుత్వం పెట్టిన ఎన్.ఆర్.ఏ. అనే సంస్థ నియమావళులు పదహారేళ్ళలోపు పిల్లలను ఫ్యాక్టరీ పనుల్లోకి తీసుకోవడాన్ని చాలావరకు ఆపేశాయి. పట్టా చేతికొచ్చినా ఉద్యోగం దొరకనివాళ్ళు పోస్ట్ గ్రాడ్యుయేట్లు అనే పేరుతో మళ్ళీ అదే హైస్కూలుకి వచ్చి టైపింగో, షార్ట్‌హ్యాండో నేర్చుకునేవాళ్ళు. అలా బడులు నిండిపోయాయి, అదే సమయంలో బడ్జెట్లు కోతపడ్డాయి.

అయినా మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళు చాలామంది. బట్టలు, బూట్లు లేక మానేసినవాళ్ళున్నారు. గూడ్సు రైళ్ళెక్కి పని వెతుక్కుంటూ దేశం తిరిగిన కుర్రకారు సుమారు రెండున్నర లక్షలని అంచనా. దక్షిణాది రాష్ట్రాల్లో చాలా కౌంటీల్లో నల్లజాతి పిల్లలకు హైస్కూలే లేదు. షికాగో సియర్స్ కంపెనీని నడిపిన జూలియస్ రోజెన్‌వాల్డ్ డబ్బుతోనూ, ఆయా ఊళ్ళ నల్లజాతి కుటుంబాల చందాలు, శ్రమతోనూ అక్కడ సుమారు 5 వేల బడి భవనాలు లేచాయి. ఆయన 1932 జనవరిలో చనిపోయాడు, ఆ ఏడాదే ఆ నిర్మాణ కార్యక్రమం ఆగిపోయింది.

అందుకని చరిత్ర పేజీకి ఎదురుగా ఇంకో పేజీ చేర్చాలని పట్టుబట్టాను. తొమ్మిదో తరగతిలో చేరి పూర్తిచేయని పిల్లల పేర్లు, పక్కన ఒక్కో ముక్క కారణం. కమిటీలో ఒకాయన, అప్పటి పుస్తకాల్లో అలాంటి పేజీ ఉండేదా అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. చివరికి ఆ పేజీని పుస్తకంలో కుట్టకుండా, పక్కన విడిగా మామూలు ప్రింటర్ మీద తీసి పెట్టాలని ఒప్పుకున్నాం. ప్రదర్శనలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన కాగితం అదే.

మార్చి

ఫొటోల సంగతి. హెక్టోగ్రాఫ్ మీద ఫొటో రాదు. చిన్న ఫొటోలు తీసి ప్రతి కాపీలోనూ జిగురుతో అంటించడమే మార్గం. స్టూడియోకి డబ్బు లేకపోయినా కెమెరాలు మాత్రం పిల్లల దగ్గర ఉండేవి. 1930లో ఈస్ట్‌మన్ కొడాక్ తన యాభయ్యో ఏట, ఆ ఏడాది పన్నెండేళ్ళు నిండే పిల్లలకు లక్షల బాక్స్ కెమెరాలు ఉచితంగా పంచింది. ఆ పిల్లలు 1933 నాటికి తొమ్మిదిలోనో పదిలోనో ఉంటారు. మా పుస్తకంలో సీనియర్ల ఫొటోలు తీసింది అలాంటి కెమెరా ఉన్న ఒక తమ్ముడని కథ అల్లాం. మా అమ్మాయి క్లాస్‌మేట్లు పాత బట్టలు వేసుకుని, వాళ్ళ పెద్దవాళ్ళ అనుమతితో, పాత బాక్స్ కెమెరా ముందు నిలబడ్డారు. ఎండలో, కదలకుండా. నాలుగు మూలలకే జిగురు పూయాలి, మొత్తం పూస్తే కాగితం ముడతలు పడుతుంది.

లైబ్రరీలో నాతో పనిచేసే పెద్దావిడ ఒక దుస్తు తెచ్చారు. ఆవిడ తల్లి 1934లో ఇలినాయ్‌లోనే స్కూలు ముగించారు. ఆ ఏడాది అమ్మాయిలందరూ సిల్కు వద్దు, నూలు బట్టే కట్టుకుందామని ఒప్పందం చేసుకున్నారట. ఇలాంటి ఒప్పందాలు అప్పుడు చాలాచోట్ల జరిగాయి. కొన్ని స్కూళ్ళు అద్దె గౌన్లు, టోపీలు పెట్టింది కూడా లోపలి బట్టల తేడా కనిపించకుండా ఉండాలనే. ఆవిడ తల్లి కుట్టుకున్న ఆ తెల్ల గౌను జూనియర్లు ఇచ్చిన విందుకీ, పట్టా ప్రదానానికి ముందు ఆదివారం చర్చిలో జరిగే ప్రార్థనకీ, పట్టా తీసుకున్న రాత్రికీ, మూడింటికీ అదే. తర్వాత నీలం రంగు వేయించుకుని ఉద్యోగం అడగడానికి వెళ్ళినప్పుడు వేసుకున్నారు. అంచు మడత లోపల ఇంకా తెలుపు కనిపిస్తుంది. గౌను గాజు పెట్టెలో ఉంటుంది, మడత విప్పి ఆ తెలుపు కనిపించేలా పెట్టమని ఆవిడే అడిగారు.

విందు బల్ల అలంకరణకు క్రేప్ కాగితం గులాబీలు చేస్తున్నాం. మసాచుసెట్స్‌కి చెందిన డెన్నిసన్ కంపెనీ ఈ కాగితం అమ్ముతూ, పూలూ వేషాలూ ఎలా చేయాలో చెప్పే చిన్న పుస్తకాలు కూడా అచ్చువేసేది. నిజం పూలు కొనలేని జిమ్ముల్లో పైకప్పు నుంచి నేల దాకా ఇదే. రేక అంచుని రెండు బొటనవేళ్ళతో సాగదీస్తే వంపు వస్తుంది. వంటకాలు తల్లులు చేసేవాళ్ళు, వడ్డన పదో తరగతి పిల్లలది. ఆ ఖర్చుకి డబ్బు, అందరూ పేదల్లా వేషం వేసుకొచ్చే పార్టీల నుంచీ క్లాస్ నాటకం టికెట్ల నుంచీ వచ్చేది. సీనియర్ నాటకం ఆడకుండా బయటికెళ్ళిన బ్యాచ్ దాదాపు లేదు, అన్నిటికీ డబ్బు అక్కడి నుంచే రావాలి.

ఏప్రిల్ మొదట్లో

జోస్యం పేజీ తెమిలింది. సాధారణంగా ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరు ఏమవుతారో ఊహించి రాస్తారు: ఒకడు చంద్రుడి మీదికి విమానం నడుపుతాడు, ఒకమ్మాయి హాలీవుడ్ తార, అల్లరివాడు అదే స్కూలుకి ప్రిన్సిపాల్. మాకు ముందు జరిగింది తెలుసు, అదే ఇబ్బంది. 1933 ఏప్రిల్‌లోనే, నిరుద్యోగ యువకులకు ప్రభుత్వం పని ఇచ్చే సి.సి.సి. శిబిరాలు మొదలయ్యాయి. పద్దెనిమిది దాటిన కుర్రవాళ్ళు అడవుల్లో మొక్కలు నాటి, రోడ్లు వేసి నెలకు 30 డాలర్లు సంపాదించారు, అందులో 25 ఇంటికి పోయేది. చదువుకునే పిల్లలకు నెలకు 6 డాలర్ల దాకా ఇచ్చిన ఎన్.వై.ఏ. అనే ప్రభుత్వ పథకం 1935 జూన్‌లో గానీ రాలేదు, ఈ బ్యాచ్‌కి అది అందలేదు. 1940 అక్టోబరులో సైన్యానికి పేర్లు నమోదు చేసుకున్నప్పుడు వీళ్ళ అబ్బాయిలు ఇరవై అయిదు దగ్గర ఉంటారు.

ఇవన్నీ జోస్యంలోకి చొప్పిద్దామని ఒక సూచన వచ్చింది. నేను ఒప్పుకోలేదు. రాసేది 1933 జూన్‌లో కూర్చున్న పదిహేడేళ్ళ పిల్ల, ఆ పిల్లకు యుద్ధం సంగతి తెలియదు. తెలిసినట్టు రాయిస్తే ఆ నవ్వులన్నీ మనవైపు నుంచి జాలిగా చూసే బొమ్మలైపోతాయి. సి.సి.సి. మాత్రం ఒక్క వాక్యంలో ఉంచాం, అది అప్పటికే పేపర్లో పడింది కాబట్టి. వరల్డ్ ఫెయిర్ కూడా చేర్చాం, ఏభై సెంట్ల టికెట్ కోసం డబ్బు కూడబెడుతున్న ఇద్దరు స్నేహితుల కబుర్లుగా.

ఏప్రిల్ మూడో వారం

అచ్చు దాదాపు అయిపోయింది. గరాజ్‌లో తాడు కట్టి, బట్టల క్లిప్పులతో పేజీలు ఆరేశాం. వాతావరణం వేడెక్కేకొద్దీ జెలటిన్ మెత్తబడి కాగితానికి అంటుకుంటోంది, అందుకని పొద్దున్నే చల్లటి వేళ తీస్తున్నాం. గట్టిపడాలంటే మళ్ళీ కరిగించి చిటికెడు జెలటిన్ ఎక్కువ వేస్తే సరిపోతుంది. పళ్ళెం మీద మూతపెట్టకపోతే దుమ్ము పడి అక్షరాల మధ్య చుక్కలొస్తాయి.

అట్టకు గోధుమరంగు దళసరి కాగితం. ఎడమ అంచున మూడు రంధ్రాలు గుచ్చి, క్లాస్ రంగులైన నీలం, బంగారు నూలుతో కుట్టాం. చివర రెండు పేజీలు ఖాళీగా వదిలాం, ఆటోగ్రాఫులకు. ఈ పేజీలు మనవాళ్ళకు కొత్తేమీ కాదు, పదో తరగతి ఆఖరి రోజున ఆటోగ్రాఫ్ పుస్తకం పట్టుకుని బెంచీ బెంచీకీ తిరగనివాళ్ళు నా తరంలో ఎవరున్నారు!

ఇంకా మిగిలిన పనులు: కార్బన్ తిరగేసే పద్ధతికి బొమ్మ గీయాలి. పిల్లలు స్వయంగా అద్దుకోవడానికి రెండు చిన్న పళ్ళేలు పోయాలి, చిన్న సైజు చేతి తొడుగులు తెప్పించాలి. ఊదా రంగు ఎండకు వెలిసిపోతుంది కాబట్టి పుస్తకాన్ని కిటికీకి దూరంగా పెట్టమని లైబ్రరీవాళ్ళకు చెప్పాలి. మధ్యలో చదువు మానేసినవాళ్ళ పేజీకి ఇంకా శీర్షిక పెట్టలేదు. పెద్దావిడ ఒకటి సూచించారు: "మాతో పాటు తొమ్మిదిలో చేరినవాళ్ళు". వచ్చే శనివారం కమిటీ ముందు పెడుతున్నాను.